చీనా వైద్యము: క్రొత్తగా చికిత్సకు పోవువారు తెలిసికొనవలసిన సంగతులు

మన జంటనగరముల వీథులలో "ఆక్యుపంక్చరు" అను పలకలు అచ్చటచ్చట కానవచ్చుచున్నవి. మోకాలి నొప్పిచే బాధపడు అవ్వగాని, తలనొప్పిచే ఏండ్ల తరబడి కుందుచున్న తల్లిగాని యింట నున్నచో, ఆ పలకను చూచినవారు "అచ్చటికి తీసికొని పోవుదమా?" అని ఆలోచింపక మానరు. పిల్లలైతే "ఒడలెల్ల సూదులు గ్రుచ్చెదరట!" అని జంకుదురు. ఈ వైద్యమునుగూర్చి జనులలో రెండు తలంపులు వ్యాపించియున్నవి. ఇది యంతయు బూటకమని కొందరందురు. రెండువేల యేండ్లనుండి నడచుచున్నది గావున తప్పక గుణమిచ్చునని మఱికొంద రందురు. పరీక్షించి చూచినచో ఈ రెండు మాటలును నిలువవు. కావున ఈ వ్యాసమున చీనా వైద్యమనగా నేమియో, క్రొత్త రోగికి అచ్చట నేమేమి జరుగునో, దానియందు రుజువైన దెంతయో, ఎట్టి యెడల దానిని ఆశ్రయింపరాదో మాకు తెలిసినంతవఱకు వివరింప దలచితిమి.

చీనాదేశపు వైద్యముతో సికింద్రాబాదు వారికి పనియేమని కొందరు అడుగవచ్చును. పనియున్నది. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, మన బేగంపేటలోని సైనికుల ఆసుపత్రియందు రొనాల్డ్ రాస్ అను వైద్యుడు ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, అందు మలేరియా పురుగును కనుగొనెను. హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమలలో అది యొకటి. కుట్టిన ప్రతి దోమకును ఒక అణా చొప్పున రాస్ ఆ రోగికి ఇచ్చెనట. మఱుసటి యేట కలకత్తాలో పక్షులపై పరిశోధన చేసి, దోమ కాటువలననే మలేరియా ఒక ప్రాణినుండి మఱియొక ప్రాణికి సోకునని ఆయన స్థాపించెను. 1902లో ఆయనకు నోబెలు బహుమతి లభించెను. బేగంపేటలోని ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది. నల్లకుంటలో మనవారు "కోరంటి దవాఖాన" యని పిలుచు జ్వరముల ఆసుపత్రికిని ఆయన పేరే పెట్టబడినది.

రోగము వచ్చు త్రోవ తెలిసినది గాని, రోగమును కుదుర్చు మందు చాలకపోయెను. మొదట సింకోనా బెరడునుండి తీసిన కొయినా ఉండెను. పిదప క్లోరోక్విన్ వచ్చెను. 1960ల నాటికి ఆగ్నేయాసియాలోని మలేరియా పురుగు క్లోరోక్విన్‌కు లొంగుట మానెను. అప్పుడు జరుగుచున్న వియత్నాం యుద్ధమున సైనికులు తుపాకి గుండ్లకు వలెనే ఈ జ్వరమునకును బలియగుచుండిరి. 1967 మే 23వ తేదీన చీనా ప్రభుత్వము క్రొత్త మందును వెదకుటకు ఒక రహస్య ప్రయత్నమును ప్రారంభించెను. ఆ తేదీనిబట్టియే దానికి "523" అని పేరు వచ్చెను. 1969లో తూ యూయూ అను స్త్రీ పెకింగులో ఈ పనియందు ఒక బృందమునకు నాయకురాలయ్యెను.

ఆమె తన తోడివారితో ప్రాచీన వైద్యగ్రంథములను గాలించి, ముసలి వైద్యుల నడిగి, రెండువేలకు పైగా యోగములను సేకరించెను. దాదాపు రెండువందల మూలికలనుండి 380 సారములను తీసి ఎలుకలపై పరీక్షించిరి. అందు "చింగ్‌హావ్" అను మొక్క ఒకమారు గుణము చూపును, మఱియొకమారు చూపదు. కారణ మేమియో తెలియక ఆమె మరల పాత పుస్తకములను తిరుగవేసెను. క్రీ.శ. నాలుగవ శతాబ్దమున గె హుంగ్ అను పండితుడు అత్యవసర చికిత్సలనుగూర్చి వ్రాసిన గ్రంథమున, చలిజ్వరమునకు ఈ మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసమును త్రావవలెనని యుండెను. కాచవలెనని అందు లేదు. వేడిచే మందు చెడుచున్నదేమో యని అప్పుడు ఆమెకు తోచెను. తక్కువ వేడిమికే మరగు ఈథరుతో సారమును తీయగా, 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకలలోని మలేరియా పురుగులను పూర్తిగా నశింపజేసెను. మఱుసటి యేట ఆమెయు, ఆమె తోడివారును రోగులకంటె ముందు తామే ఆ మందును మ్రింగి, హాని లేదని నిశ్చయించుకొనిరి. ఆర్టెమిసినిన్ అను ఆ మందునకుగాను 2015లో ఆమెకు నోబెలు బహుమతి వచ్చెను. నేడు మన దేశమున ఫాల్సిపారం అను ప్రమాదకరమైన మలేరియా సోకినవారికి ప్రభుత్వ ఆసుపత్రులలో ఇచ్చు మాత్రలు ఈ జాతి మందుతో కూడినవే. సికింద్రాబాదులో తెలిసిన రోగకారణమునకు చీనా మూలికనుండి మందు దొరకినదన్న మాట.

ఈ చింగ్‌హావ్ మనకు బొత్తిగా పరాయిది కాదు. వినాయక చవితినాడు ఇరువదియొక్క పత్రులలో మొట్టమొదట అర్పించు మాచిపత్రి దీనికి దగ్గరి చుట్టము. రెండును ఒకే జాతికి చేరిన వేర్వేరు మొక్కలు. అంతమాత్రమున మాచిపత్రి తిన్నచో మలేరియా పోవునని యెవరును తలంపరాదు. చింగ్‌హావ్ ఆకును ఎండబెట్టి తేనీరువలె కాచి త్రావుటను సయితము ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరింపలేదు. అట్టి తేనీటిలో మందు ఎంత యుండునో నిలుకడ లేదు. చాలీచాలని మందుచే పురుగు చావక, మందునకు అలవాటు పడును.

ఈ కథవలన మనకు తెలియున దేమనగా, పాత గ్రంథములందు విలువగల వస్తువు లుండవచ్చును. అయినను అందు పనికివచ్చున దేది, పనికిరాని దేది అని పరీక్షవలననే తేలును. రెండువేల యోగములను వెదకగా లోకమునకు పనికివచ్చిన గొప్పమందు ఒక్కటి దొరకినది. చీనా వైద్యమునంతటిని ఈ కన్నుతోనే చూడవలెను.

ఇక ఆ వైద్యముయొక్క తీరు చూతము. దాని మూలగ్రంథము పసుపు చక్రవర్తి పేర వెలసి, క్రీస్తునకు పూర్వము ఒకటి రెండు శతాబ్దములలో సంకలితమైనది. శరీరమునందు "చీ" అను శక్తి ప్రవహించుచుండుననియు, "యిన్", "యాంగ్" అను చల్లని, వెచ్చని తత్త్వములు సమముగా నున్నప్పుడు ఆరోగ్య మనియు ఆ శాస్త్రము చెప్పును. మన ఆయుర్వేదమున వాత పిత్త కఫముల సమత్వము ఎట్టిదో ఇదియు అట్టిదే. మనము పంచభూతములు పృథివి, జలము, అగ్ని, వాయువు, ఆకాశము అందుము. వారు కొయ్య, నిప్పు, మన్ను, లోహము, నీరు అందురు. చీ ప్రవహించు ప్రధాన మార్గములు పండ్రెండనియు, సూది గ్రుచ్చదగిన స్థానములు 361 అనియు లెక్క. అయితే శవములను కోసి చూచిన శాస్త్రజ్ఞులకు ఈ మార్గము లెచ్చటను కానరాలేదు. ఇవి పూర్వులు తాము చూచిన దానిని విశదీకరించుటకు కల్పించుకొనిన పటముగా భావించుట మేలు.

చీనావారే ఈ వైద్యమును ఎల్లకాలమును ఒకే తీరున మన్నింపలేదు. 1596లో ప్రచురింపబడిన లీ షిజెన్ మహాగ్రంథము 1892 ఔషధ ద్రవ్యములను వర్ణించినది. 1822లో చక్రవర్తి తన ఆస్థాన వైద్యశాలనుండి సూదుల వైద్యమును తొలగించెను. 1929లో ప్రాచీన వైద్యమునే రూపుమాపవలెనను ప్రతిపాదన రాగా, వైద్యులు దేశమంతటినుండి కూడి దానిని ఎదిర్చిరి. 1950లనుండియే ప్రభుత్వము దానిని చేరదీసి, కళాశాలలు పెట్టి, నేడు మనము చూచుచున్న రూపమునకు తెచ్చినది.

మన దేశమునకు ఇది వచ్చిన విధము చదువదగినది. 1938లో జపానుతో యుద్ధము చేయుచున్న చీనాకు భారత జాతీయ కాంగ్రెసు అయిదుగురు వైద్యులను పంపెను. వారిలో ద్వారకానాథ్ కోట్నీస్ సోలాపురమువాడు. మన తెలుగు పద్మశాలీలు వేలకొలదిగా పోయి మగ్గములు వేసికొని స్థిరపడినది ఆ సోలాపురమే. గాయపడినవారికి రేయింబవళ్లు శస్త్రచికిత్సలు చేయుచు ఆయన 1942 డిసెంబరు 9వ తేదీన, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, చీనాలోనే కన్నుమూసెను. ఆయన తోడివాడైన కలకత్తా వైద్యుడు బిజయ్ కుమార్ బసు 1958లో మరల చీనాకు పోయి, సూదుల వైద్యమును నేర్చి వచ్చి, కలకత్తాలో ప్రారంభించెను. 2019లో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఆక్యుపంక్చరును ఒక ప్రత్యేక చికిత్సా పద్ధతిగా గుర్తించినది.

క్రొత్త రోగి పోయినప్పుడు మొదట జరుగునది పరీక్ష. అది నాలుగు విధములు: చూచుట, వినుట, అడుగుట, తాకుట. చూచుటయం దనగా ముఖవర్ణమును, నడకను, ముఖ్యముగా నాలుకను చూతురు. నాలుక రంగు, దానిపై పేరుకొనిన పాచి, అంచులయందలి పండ్ల గుర్తులు వారికి పాఠములు. కావున పోవు ముందు నాలుక గీసికొనక పోవలెను. కాఫీ, తాంబూలము మానవలెను. వినుటయందు కంఠస్వరమును, దగ్గును, ఊపిరిని గమనింతురు. అడుగునప్పుడు నిద్ర, ఆకలి, చెమట, విరేచనము, స్త్రీలైనచో ఋతుక్రమము మున్నగు అనేక ప్రశ్నలు వేయుదురు. మోకాలి నొప్పికి వచ్చినవారిని కలలనుగూర్చి యడిగినచో ఆశ్చర్యపడ నక్కఱలేదు. తుదకు నాడి చూతురు. బసవరాజీయము చదివిన మన వైద్యులవలెనే వారును మణికట్టుమీద మూడు వ్రేళ్లు పెట్టుదురు. మనవారు పురుషులకు కుడిచేయి, స్త్రీలకు ఎడమచేయి చూచుట వాడుక; వారు రెండు చేతులను చూచి, ఒక్కొక్క స్థానమును ఒక్కొక్క అవయవమునకు చేర్తురు. మొదటిరోజున ఇదంతయు ఒక గంటవఱకు పట్టవచ్చును.

తరువాత సూదులు. ఇవి మందు ఎక్కించు సూదులవంటివి కావు. వీనిలో బెజ్జ ముండదు. ఇంచుమించు నాలుగు వెండ్రుకలను కలిపినంత సన్నముగా, ఉక్కుతో చేయబడియుండును. రోగిని పరుండబెట్టి, చర్మమును తుడిచి, సాధారణముగా అయిదు మొదలు ఇరువది సూదులవఱకు గుచ్చుదురు. నొప్పి మోకాలియందుండగా చేతికి గుచ్చుటయు కలదు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్లుండి, పిదప ఆ చోట బరువుగానో, తిమ్మిరిగానో తోచును. సూదులను పదునైదు మొదలు ముప్పది నిమిషములవఱకు ఉంచి తీసివేయుదురు. కొందరికి ఆ సమయమున నిద్ర పట్టును. కొందరికి, ముఖ్యముగా ఆకలితోను భయముతోను వచ్చినవారికి, తల తిరుగును. అందుచేత కొంచెము తిని పోవలెను. తల తిరిగినచో వెంటనే చెప్పవలెను. సూది తీసిన చోట ఒక బొట్టు నెత్తురు వచ్చుట, చిన్న కమిలిక ఏర్పడుట మామూలు. ఇట్లు వారమునకు ఒకటి రెండు మార్లు చొప్పున కొన్ని వారములు జరుగును.

సూదులతోబాటు వేఱు చికిత్సలును కలవు. మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి, దూదివలె దంచి, చుట్టగా చుట్టి, వెలిగించి, చర్మమునకు దగ్గరగా పట్టి కాక పెట్టుట ఒకటి. దీనికి పొగ మిక్కుటము. ఉబ్బసము గలవారికి తగదు. గాజు బుడ్లలోని గాలిని వేడిచేసి వీపునకు పట్టించుట మఱియొకటి. మన పల్లెలలో కొమ్ము పెట్టుట, హైదరాబాదు హకీములు హిజామా చేయుట ఇట్టివే. బుడ్డి తీసిన పిదప గుండ్రని నల్లని మచ్చలు వారము పది దినము లుండును. 2016లో ఒలింపిక్ ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒంటిమీద లోకమంతయు చూచిన మచ్చలు ఇవే. మర్దనము మూడవది. మూలికల కషాయము నాల్గవది. పది పదునైదు దినుసులను కలిపి కాచి, మిక్కిలి చేదుగా నున్నదానిని దినమునకు రెండుమార్లు త్రావింతురు.

ఇందు రుజువైన దెంత? వాంతి, వికారము, తలనొప్పి, నడుమునొప్పి, మోకాలి నొప్పి అను వీనియందు సూదులవలన కొందరికి ఉపశమనము కలుగుచున్నదని పెక్కు పరిశోధనలు చెప్పుచున్నవి. అయితే 2007లో ప్రకటింపబడిన జర్మనుల పెద్ద పరిశోధన యొకటి ఆలోచింపదగినది. దీర్ఘకాలపు నడుమునొప్పి గలవారిని మూడు జట్లుగా చేసిరి. ఒక జట్టుకు శాస్త్రోక్త స్థానములలో సూదులు గుచ్చిరి. రెండవ జట్టుకు స్థానము కాని చోట్ల పైపైన గుచ్చిరి. మూడవ జట్టుకు మామూలు వైద్యము చేసిరి. మొదటి రెండు జట్లును ఇంచుమించు సమానముగా మేలుపొంది, మూడవ జట్టును మించెను. అనగా నొప్పి తగ్గుట నిజమే. కాని ఆ మేలు శాస్త్రము చెప్పిన స్థానములవలననే కలిగినదని చెప్పుటకు వీలులేదు. సూది పోటు, విశ్రాంతి, వైద్యుని ఓపిక, రోగి నమ్మకము అన్నియు కలిసి పనిచేయుచుండవచ్చును. మధుమేహము, క్షయ, పుట్టకురుపు, గుండెజబ్బు మున్నగునవి సూదులచే కుదురునని చెప్పువాని మాట నమ్మరాదు.

ప్రమాదములును కలవు. శుభ్రము చేయని సూదివలన కామెర్ల పురుగు ఒకరినుండి మఱొకరికి అంటును. ఱొమ్ముపై లోతుగా గుచ్చినచో ఊపిరితిత్తికి రంధ్రము పడును. ఇది అరుదు గాని జరిగియున్నది. మూలికలన్నియు నిరపాయములని తలంచుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. బెల్జియము దేశమున 1990ల మొదట లావు తగ్గుటకని చీనా మూలికల మాత్రలు తినిన స్త్రీలలో నూరుమందికి పైగా మూత్రపిండములు చెడిపోయెను. అరిస్టోలోకియా జాతి మొక్కలోని విషమే దానికి కారణము. మా హువాంగ్ అను మొక్కనుండి ఎఫెడ్రిన్ అను ఉబ్బసపు మందు లభించినది; అదే మొక్కను బలమునకని హెచ్చుగా తిన్నవారి గుండె కొట్టుకొను తీరు చెడినది. మేలు చేయు బలము గల ద్రవ్యమునకు కీడు చేయు బలమును ఉండును.

కావున చికిత్సకు పోవువారు ఈ క్రింది సంగతులను మరువరాదు. మొదట మామూలు వైద్యునిచే రోగమేదియో నిర్ణయింపజేసికొనవలెను. సూదులు వేయువారి చదువేమియో, ఎచ్చట నేర్చిరో అడుగవలెను. అడుగుట అమర్యాద కాదు. సూదులు ఒక్కమారు వాడి పారవేయునవిగా ఉండవలెను; పొట్లమును తమ కన్నులయెదుట విప్పుమనవలెను. గర్భిణులు, నెత్తురు పలుచబడు మందు తినువారు, గుండెకు యంత్రము పెట్టించుకొన్నవారు ఆ మాట ముందుగా చెప్పవలెను. కషాయములోని దినుసుల పేర్లు వ్రాసియిమ్మని అడుగవలెను. ఇదివఱకు తినుచున్న మందులను, ముఖ్యముగా మధుమేహమునకును రక్తపుపోటునకును తినువానిని, మానుమనినచో ఆ చోటు విడిచి రావలెను. ఆరు మొదలు పది మార్లు పోయినను గుణము కానరానిచో ఇంకను ధనము వ్యయము చేయుట వ్యర్థము.

తల్లిదండ్రులకు ప్రత్యేకముగా ఒక మనవి. వానకాలమున బిడ్డకు చలి పుట్టి జ్వరము వచ్చినచో అది సూదులకుగాని, కషాయములకుగాని, దిగదుడుపులకుగాని సమయము కాదు. అదేరోజున నెత్తురు పరీక్ష చేయింపవలెను. మలేరియా పరీక్షయు, దాని మందును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరకును. ఫాల్సిపారం జ్వరము ఒకటి రెండు దినములలోనే మెదడునకు ఎక్కి ప్రాణము తీయగలదు. ఆ ప్రాణమును నిలుపు మాత్ర చీనా మూలికనుండి పుట్టినదే. అయినను అది నేడు కొలతతో, పరీక్షతో, వైద్యుని చీటితో వచ్చు మందు.

విద్యార్థులారా! హిజ్కియా రాజు పుండునకు అంజూరపు పండ్ల ముద్ద కట్టిన కథను మీరు బైబిలు తరగతిలో చదివియున్నారు. ప్రతి జాతియు తన పెరటిలోని మొక్కలతో రోగులకు ఊరట కలిగింప ప్రయత్నించినది. ఆ ప్రయత్నమును పరిహసింపకుడు. దానిని గ్రుడ్డిగా నమ్మకుడు. మీలో ఎవరైన బేగంపేట త్రోవను పోవునపుడు రాస్ పనిచేసిన ఆ చిన్న కట్టడమును చూచి, ఒక్కొక్క దోమను ఓపికతో కోసిన ఆయనను, మూడువందల ఎనుబది సారములను వరుసగా పరీక్షించిన తూ యూయూను కలిపి జ్ఞాపకము చేసికొనుడు. మీ యింట ఎవరైనను ఏదేని చికిత్సకు పోదలచినప్పుడు, ఇది ఎవరికి గుణమిచ్చినది, ఎట్లు తెలిసినది, హాని యేమి అని వినయముగా అడిగి తెలిసికొని, పెద్దలకు సాయపడుడు.